ఒడ్డుకొచ్చిన అయ్యగారు

అప్పలస్వామికి రెండు పేర్లు. బాప్తిస్మం పుస్తకంలో అబ్రాహాము. అక్కుపల్లి పక్కనున్న తన జాలరి ఊళ్లో మాత్రం పుట్టినప్పుడు పెట్టిన పేరే. సింహాచలం దేవుడి పేరు మోస్తూ యేసు మాట చెప్తున్నాడని కుర్రకారు నవ్వేవారు. మొదట్లో కోపం వచ్చేది. కోపం తెచ్చుకోవడానికి కూడా ఒంట్లో ఓపిక ఉండాలి కదా, పోనుపోనూ అదీ మానేశాడు.

తండ్రి తెప్ప మీద వేటకి పోయేవాడు, తల్లి చేపల గంప నెత్తిన పెట్టుకుని పలాస వెళ్లేది. అప్పలస్వామి కూడా ముప్పయ్యేళ్లు వచ్చేదాకా వల లాగినవాడే. జబ్బుచేసి మంచం పట్టినప్పుడు టెక్కలి నుంచి ఒక పాస్టరుగారు వారం వారం వచ్చి ప్రార్థన చేశారు. లేచి నడిచాక ఇతను తెప్ప అమ్మేసి, టెక్కలిలో రెండేళ్లు బైబిలు చదువుకుని, తొంభై రెండులో ఊరి చివర రేకుల షెడ్డు వేసి దాన్ని సంఘం అన్నాడు. భార్య రాజులమ్మ పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టేది. జీడి సొనకి ఆమె వేళ్ల చర్మం లేచిపోయి నల్లబడింది. ఇంట్లో పొయ్యి వెలుగుతున్నది ఆ చేతుల వల్లేనని అతనికి తెలుసు. తెలిసి సిగ్గుపడేవాడు.

ఒక సైకిలు, ఆరు ఊళ్లు, పన్నెండేళ్లు. సోమవారం పూండి, గురువారం పాసింజరెక్కి హరిశ్చంద్రపురం, మిగతా రోజుల్లో ఉద్దానం తోటల మధ్య ఊళ్లు. వెళ్లడం, కరపత్రాలు పంచడం, గొంతు పోయేదాకా చెప్పడం, ఎదురుగాలిలో సైకిలు తొక్కుకుంటూ రావడం. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉండేది. ఆదివారం పది గంటలకి ఆరాధన. పాట అయ్యాక హాజరు పుస్తకం తీసి, రానివాళ్ల పేర్లు అందరి ముందూ చదివేవాడు. సిగ్గుతోనైనా వస్తారని అతని నమ్మకం. ప్రతి వారం మొదట చదివే పేరు నారాయణమ్మది. ఆ ఊళ్లో అందరికంటే ముందు బాప్తిస్మం తీసుకున్నది ఆవిడే.

రెండువేల నాలుగులో టెక్కలిలో పాస్టర్లందరికీ శిక్షణ తరగతి పెట్టారు. ఆ చుట్టుపక్కల సంఘాల మీద పెద్దగా ఉన్న ఎలీషాగారు విశాఖపట్నం నుంచి ఒకాయన్ని పిలిపించారు. ఆయన గోడకి చార్టు అంటించి, "మీ సంఘం ఎందుకుంది? ఎవరి కోసం ఉంది? ఒక్క వాక్యంలో రాయండి" అన్నాడు. పక్కవాళ్లు చకచకా రాసేస్తున్నారు. అప్పలస్వామి చాలాసేపు పెన్ను కొరికి "అందరి కోసం" అని రాశాడు.

ఆయన అది చదివి నవ్వాడు. "అందరి దగ్గరికీ పరిగెత్తేవాడు ఎవరి దగ్గరా ఆగడండీ" అన్నాడు.

భోజనాల దగ్గర ఎలీషాగారు అతన్ని పక్కకి పిలిచారు. "పన్నెండేళ్లకి నీ షెడ్డులో ఆదివారం నలుగురు, అందులో ఒకరు నీ భార్య. నెల రోజులు టైమిస్తున్నాను అబ్రాహామూ. ఎవరి దగ్గరికి వెళ్తావో, ఏం చేస్తావో తేల్చి రాసి పట్టుకురా. లేదంటే నీ సంఘాన్ని పలాస సంఘంలో కలిపేస్తాం" అన్నారు.

ఆ మాటలో తప్పేమీ లేదు, అందుకే ఎక్కువ నొప్పెట్టింది. షెడ్డు పోతుందని కాదు. పన్నెండేళ్లు గాడిద చాకిరీ చేసి ఎవరికీ ఏమీ కాలేదేమోనన్న భయం పట్టుకుంది.

తర్వాతి ఆదివారం తెల్లవారగానే, రాయాల్సిన ఆ ఒక్క వాక్యం బుర్ర తొలిచేస్తుంటే లేచి సముద్రం వైపు నడిచాడు. ఒడ్డున పదిహేనుమంది ఆడవాళ్లు ఖాళీ గంపలు పక్కన పెట్టుకుని, నీళ్ల వైపు చూస్తూ కూర్చున్నారు. తెప్పలు ఇంకా రాలేదు. వాళ్లలో నారాయణమ్మ కనబడింది. ఆవిడ మొగుడు ఎల్లాజీ సముద్రం మీదే ఉన్నాడు.

"ఇయ్యాల ఆదివారం నారాయణమ్మా. గుడికొత్తావా?"

ఆవిడ లేవలేదు. "ఎలాగొత్తానయ్యగోరూ? తెప్పలొచ్చీసరికి ఎనిమిదవుద్ది. ఆటో ఎక్కి పలాస ఎల్లి అమ్ముకొచ్చీసరికి రెండు. శనోరం, సోమారం నీసు తినరు. మాకు బేరం ఆదివారమే. మీ అమ్మ అమ్మలేదేటి ఆదివారం సేపలు? మీకు తెల్దేటి?"

తెలుసు. తల్లి గంప వాసనలో పెరిగినవాడు. కానీ టెక్కలిలో ఆరాధనంటే ఆదివారం పది గంటలని చూశాడు, అదే పట్టుకొచ్చి ఇక్కడ పెట్టాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లని పన్నెండేళ్లు సాధించాడు. అయినా పౌరుషం చావక, "దేవుడి మీద నమ్మకముంటే ఒక్క పూట..." అన్నాడు.

"నమ్మకం నేకపోతే పెతి పొద్దూ ఇక్కడెందుకు కూకుంటానయ్యగోరూ?" నారాయణమ్మ గొంతులో కోపం లేదు. అలసట ఉంది. "నా పేరు అందరికాడా సదివేత్తన్నారంట. మా కోడలు ఇని ఏడిసింది. పన్నెండేళ్లు మమ్మల్ని మీకాడికి రమ్మన్నారు. మీరెప్పుడైనా మాకాడికొచ్చి కూకున్నారా?"

"తప్పయిపోయిందమ్మా" అన్నాడు అతను. ఆవిడ గంప కొంచెం పక్కకి జరిపింది.

"కూకోండి. ఏటీ సెప్పకండి మరి."

కూర్చున్నాడు. పన్నెండేళ్లలో బోధ చెప్పకుండా ఒక మనిషి పక్కన గంటసేపు ఉండటం అదే మొదలు. ఆ రోజు పది గంటలకి షెడ్డులో పేర్లు చదవలేదు.

మర్నాటి నుంచి రోజూ వచ్చాడు. ఇంక రానని మిగతా ఊళ్లలో చెప్పొచ్చాడు, ఆరు ఊళ్లకి ఒక ఊరే మిగిలింది. అన్నిటికంటే కష్టం హరిశ్చంద్రపురంలో అయింది. అక్కడ కన్నయ్య అనే ముసలాయన ప్రతి గురువారం ఇతని కోసం స్టేషనుకి వచ్చేవాడు. "ఇంక రానయ్యా, వొల్లు సాలట్నేదు" అని చెప్తే, "నానేటి తప్పు సేసినాను?" అని అడిగాడు. తిరుగు పాసింజరులో అప్పలస్వామి కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. ఏరుకోవడమంటే కొందరిని వదిలేయడమని చార్టు పెట్టినాయన చెప్పలేదు.

నెలకి టెక్కలి వెళ్లి కాగితం ఇచ్చాడు. "సముద్రం మీదికి వెళ్లినవాళ్లు తిరిగొచ్చేదాకా, ఒడ్డున ఎదురుచూసేవాళ్లతో కూర్చోవడం." ఎలీషాగారు రెండుసార్లు చదివారు.

"కూర్చోవడం సువార్త ఎలా అవుతుందయ్యా? ఎంతమంది మారారు?"

"ఎవులూ నేదండి."

షెడ్డుకి తాళం పడింది. ఆదివారాలు పలాస సంఘంలో చాపలు పరిచే పని అతనికిచ్చారు. రాజులమ్మ ఆ కబురు వింది. "పోన్లెండి. పొద్దున్నే ఎల్తారు కదా, టీ తాగి ఎల్లండి" అంది.

ఆ కార్తీకంలో ఒక పొద్దున ఎక్కణ్నుంచో గాలి లేచింది. ఎనిమిదయింది, తొమ్మిదయింది. తెప్పలన్నీ వచ్చాయి, ఎల్లాజీది తప్ప. వచ్చినవాళ్లని అడిగితే తల అడ్డంగా ఊపారు. పదయింది. ఆడవాళ్లెవరూ పలాస బయల్దేరలేదు. నారాయణమ్మ నీళ్ల అంచున నిలబడి ఉంది. ఉన్నట్టుండి వెనక్కి తిరిగింది.

"అయ్యగోరూ, ఇప్పుడు ఏదైనా సెప్పండి."

ఇన్నేళ్లూ ఇలా అడిగేవాళ్ల కోసమే అతను ఆరు ఊళ్లు తిరిగాడు. వాక్యాలు నోటికి వచ్చు, తుఫాను ఆగిన కథ వచ్చు, ప్రార్థన వచ్చు. ఏదీ పైకి రాలేదు. చిన్నప్పుడు తండ్రి తెప్ప కోసం ఇదే ఇసకలో తల్లి చెయ్యి పట్టుకుని నిలబడ్డ పొద్దు గుర్తొచ్చింది.

"నాకూ బయమేత్తందమ్మా" అన్నాడు.

నారాయణమ్మ అతన్ని చూసింది. వచ్చి పక్కన కూలబడి, అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. మిగతా ఆడవాళ్లు ఒక్కొక్కరే గంపలు వదిలేసి దగ్గరికి జరిగారు. ఆ ఒడ్డున అప్పలస్వామి చెప్పినదాంట్లో వాళ్లందరూ నమ్మిన మొదటి మాట అదే.