ఎర్రనేల మీద రెండు నీడలు

ఓడరేవులో నాది టాలీ గుమాస్తా ఉద్యోగం. ఓడలోంచి దిగిన బస్తాలూ లారీ ఎక్కిన బస్తాలూ సరిపోయాయా లేదా అని చూడటమే నా పని. ఏళ్ల తరబడి ఆ పని చేసిన మనిషి దేన్నీ తేలిగ్గా నమ్మడు. ఆ గుణాన్ని ఇంటికి కూడా తెచ్చుకున్నాను. దానివల్ల మా అక్క నాతో రెండు నెలలు మాట మానేసింది.

ఎనభైల మధ్యలో సంగతి. సీతమ్మధారలో ఒక అద్దె వాటాలో అమ్మ, అక్క, నేను ఉండేవాళ్లం. అక్క దగ్గర్లోని ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేసేది. పగలంతా మైక్రోస్కోపులోకి చూసి వచ్చి, సాయంత్రం గ్రహాల గురించీ నక్షత్రాల గురించీ ఏ కాగితం దొరికితే అది చదివేది. అలాంటి మనిషికి, వేరే గ్రహం మీద జరిగే తెలుగు సినిమా ఒకటి వస్తోందని తెలిసింది. సినిమా వారపత్రికలో నడిమి పేజీ నిండా రంగుల బొమ్మ వేశారు. ఎర్రటి నేల. గాజు టోపీ తొడుక్కున్న హీరో. అతని కాళ్ల దగ్గర రెండు నీడలు.

"రెండు నీడలున్నాయిరా! అంటే ఆ గ్రహానికి ఇద్దరు సూర్యులు," అంది అక్క.

"ఎవులో పక్కనుంచి అద్దం పట్టుకుని ఎలుగు కొట్టుంటారు," అన్నాను.

"మరి గాజు మీద ఊపిరి ఆవిరి ఏదీ? ఈడు మనిసి కాదు, యంత్రం. ఆకర్న బయటపడతాది, సూడు."

"అసలు అక్కడ గాజే ఉండుండదు."

నా మాట పట్టించుకోకుండా అక్క తన ఊహలన్నీ రాసి ఆ పత్రికకే పంపింది. వాళ్లు ఇంటి చిరునామాతో సహా అచ్చు వేశారు. ఆ తర్వాత ఆమెకు వారానికొక ఇన్‌లాండు కవరు రావడం మొదలైంది. స్కేలు పెట్టి గీసినట్టు ఉండే అక్షరాలు. పంపినవారి చోట 'కూర్మన్నపాలెం' అని, కింద ఉక్కు ఫ్యాక్టరీ పనుల ఆఫీసు పేరు. ముమ్మాటికీ మగవాడి చేతిరాత. అక్క ఆ ఉత్తరాలు మా ఎదుట చదివేది కాదు. పెరట్లోకి తీసుకెళ్లి, చదివి, తనలో తనే నవ్వుకుంటూ వచ్చేది. అమ్మ సంబంధాలు చూస్తున్న రోజులవి. నాకు లోపల ఒకటే గుబులు.

ఒకరోజు అక్క డ్యూటీలో ఉండగా ఉత్తరం వచ్చింది. గంజి వార్చే గిన్నె ఆవిరి మీద పెట్టి అంచు ఊడదీశాను.

"చెల్లెమ్మకు నమస్కారం. మీరు చెప్పిన ఇద్దరు సూర్యుల సంగతి ఆలోచించాను. నీడల మధ్య కోణం కొలిచాను. ఆ ఎర్రనేల ఎక్కడిదో నాకు అర్థమైంది. ఆదివారం ఉదయం భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల దగ్గరికి రండి. ఫొటో మరిచిపోవద్దు."

ఇంతే. ఇంకెవరైనా అయితే నవ్వి ఊరుకునేవారు. నాకు మాత్రం ఒక్క ముక్క కూడా నమ్మబుద్ధి కాలేదు. చెల్లెమ్మ అనేది ముసుగు. కోణాలు, నీడలు వాళ్లిద్దరి మధ్యా రహస్య భాష. ఇద్దరు సూర్యులంటే వాళ్లు కాక ఇంకెవరు? అన్నం మెతుకులతో కవరు మళ్లీ అంటించి అక్క పుస్తకాల మీద పెట్టాను.

ఆదివారం, స్నేహితురాలింటికి వెళుతున్నానని చెప్పి అక్క గొడుగు తీసుకుని బయల్దేరింది. ఆ అబద్ధంతో నా అనుమానం ఇంకా గట్టిపడింది. తరవాతి బస్సు పట్టుకుని నేనూ వెళ్లి, దిబ్బల అంచున జీడిమామిడి చెట్ల వెనక నక్కాను.

అక్కడ నలభై ఏళ్ల మనిషి ఒకాయన పొడవాటి కొలత టేపు పట్టుకుని నిలబడ్డాడు. టేపు రెండో కొస ఆయన భార్య చేతిలో ఉంది. ఇద్దరు పిల్లలు ఇసకలో జారుతూ కేకలు పెడుతున్నారు. అక్క ఆ రంగుల బొమ్మను చేయి చాచి పట్టుకుని, ఒక కన్ను మూసి, దిబ్బల వరసతో పోల్చి చూస్తోంది.

"ఇదేనండీ! ఆ వొంపు సూడండి, ఆ మొండి తాడిసెట్టు సూడండి! మన గ్రహం దొరికిపోయింది!"

ఆ ఉత్తరాలు రాసింది ఆయనే, సర్వేయరట. ఆ సంగతి తర్వాత తెలిసింది. ముందు ఆయన కంటికి నేను దొరికాను.

"ఎవులు బావూ అది? అక్కడ నక్కి ఏటి సేత్తన్నావ్?"

అక్క వెనక్కి తిరిగింది.

"నాను ఇక్కడికొత్తన్నానని నీకు సెప్పలేదే," అంది మెల్లగా. "నా ఉత్తరం ఇప్పీసినావా?"

టేపు పట్టుకున్న చెయ్యి దించేసి ఆయన పక్కకి చూశాడు. ఆయన భార్య విస్తరాకు ముక్కలో పులిహోర పెట్టి నా చేతికిచ్చింది. దాన్ని పిల్లల చేతిలో పెట్టేశాను. వచ్చేటప్పుడు ఒకే బస్సులో అక్క ముందు, నేను వెనక.

ఆ రోజు నుంచి అక్క నాకు అన్నం వడ్డించి లోపలికి వెళ్లిపోయేది. ఏదైనా చెప్పాలంటే అమ్మతో చెప్పించేది. తప్పయిపోయిందని అమ్మ దగ్గర అన్నాను. "ఆ ముక్క దానికి సెప్పు, నాకెందుకు?" అంది అమ్మ. చెప్పబోతే అక్క లేచి వెళ్లిపోయేది.

సినిమా వచ్చింది. మొదటి రోజు అక్కా, సర్వేయరు కుటుంబమూ ఒక వరసలో కూర్చున్నారు. నేను వాళ్లకి రెండు వరసల వెనక ఒంటరిగా కూర్చున్నాను. తెర మీద ఎర్రనేల కనిపించగానే హాలంతా "ఎర్రమట్టి దిబ్బలురోయ్!" అని ఒకటే ఈలలు. నిమిషంలో ఆ చోటు మాయమైంది. రెండు నీడలూ లేవు, యంత్రమూ లేదు. వెనకనుంచి చూస్తుంటే అక్క తల వంగిపోయింది.

కానీ నా కన్ను టాలీ గుమాస్తా కన్ను. గాజు టోపీతో నేల మీద దిగిన హీరో, మరుక్షణం అంతరిక్ష నౌకలో చేతికి కట్టుతో ఉన్నాడు. ఆ కట్టు ఎప్పుడు కట్టారు? పత్రికలో వేసిన బొమ్మ సినిమాలో ఎక్కడా రాలేదేం? మర్నాడు ఆట లేని వేళ చూసుకుని ప్రొజెక్టరు గదికి వెళ్లి ఆపరేటరుని నిలదీశాను.

"ఓ రీలు ఎయ్యట్లేదు కదా నువ్వు?"

అతను గుమ్మం వైపు చూశాడు. "మెల్లగా మాటాడు బావా. ఆటకీ ఆటకీ మద్దిన టైము సాల్తం లేదని మేనేజరు ఆపించీసినాడు. సోమారం పొద్దుటాటకి జనం ఉండరు. అప్పుడొత్తే ఎక్కిత్తాను."

ఆ సాయంత్రం అక్క లేచి వెళ్లకుండా గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. "ఉత్తరం ఇప్పడం నాదే తప్పు, అక్కా. ఇంకెప్పుడూ సెయ్యను. ఇది ఏరే సంగతి. సినిమాలో ఓ రీలు ఎయ్యలేదు."

"ఎవులు సెప్పినారు?" రెండు నెలల తర్వాత ఆమె నాతో అన్న మొదటి మాట అది. "నన్ను మాటాడించడానికి అబద్ధమాడతన్నావా?"

ఆపరేటరు అన్నది చెప్పి, సోమవారం పొద్దుటి ఆటకి రమ్మన్నాను. నమ్మకపోయినా అక్క సెలవు పెట్టి వచ్చింది.

హాల్లో ఇరవై మంది కూడా లేరు. ఆపరేటరు ఆ రీలు నిజంగానే వేశాడు. హీరో ఒంటరిగా దిబ్బ ఎక్కుతుంటే రెండు నీడలు అతని వెంట నడిచాయి. సినిమాలో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. కావాలని చేశారో, అద్దాలు పట్టినవాళ్ల అజాగ్రత్తో ఈనాటికీ నాకు తెలియదు. తర్వాత రాయి తగిలి హీరో చెయ్యి తెగింది. ఎర్రటి రక్తం కారింది.

"పోన్లే, మనిసే," అంది అక్క, నా వైపు తిరిగి.

తిరుగు బస్సులో నా పక్కనే కూర్చుంది. ఇద్దరు సూర్యుల వల్ల చీకటే పడని గ్రహంలో మొక్కలు ఎప్పుడు నిద్రపోతాయి, పక్షులు ఎప్పుడు గూటికి చేరతాయి అని సీతమ్మధార వచ్చేదాకా చెబుతూనే ఉంది. నేను ఒక్కదానికీ అడ్డు చెప్పలేదు.