తొంభై రెండో అక్షరం

లిపి తాతయ్యకి ఉన్న జబ్బు ఒక్కటే. ఏ అక్షరం కనబడినా "ఇది ఎవరిది?" అని ఆరా తీయనిదే అడుగు ముందుకు వేయడు. అక్షరమేమిటి, ఎవరిదో కావడమేమిటి అని మనం నోరు తెరిచేలోపు జేబులోంచి భూతద్దం తీసేస్తాడు.

ఒకసారి పన్ను పీకించుకోవడానికి కుర్చీలో పడుకున్నాడు. నోట్లో దూది, బుగ్గకి మత్తు. ఎదురుగా గోడమీది పాత బోర్డులో ఒక అక్షరానికి తోక ఎక్కువగా కనిపించింది. అంతే, లేచి వెళ్ళి దాన్ని గోకడం మొదలుపెట్టాడు. డాక్టరుగారు పట్టకారు పట్టుకుని బిత్తరపోయి నిలబడ్డారట. బోర్డు రాసిన పెయింటరు ఇంటికి వెళ్ళి విచారించి వచ్చాకే పన్ను ఊడింది. ఆ తోక మాత్రం కారిన రంగని తేలింది.

ఇలాంటి మనిషితో మూడేళ్ళు నెట్టుకొచ్చింది అక్షరాలు గీసే అమ్మాయి. ఆ అమ్మాయి పుట్టిన కొండజాతి లిపిలో ఒక్కో పలుకుకీ ఒక్కో గుర్తు. ప్రతి గుర్తుకీ ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ ఒప్పుకునే ఒక సంఖ్య రావాలి. లేకపోతే తెరమీద ఖాళీ గడే మిగులుతుంది. వాడినట్టు మూడు రుజువులు చూపిస్తేగానీ సంఖ్య ఇవ్వరు. మొత్తం తొంభై ఒక్కటి తేలాయి. అమ్మాయి గీసింది, జాబితా పైకి పంపాల్సిన ఆఫీసరుగారు దానిమీద సంతకానికి కలం తీశారు. సాయంత్రంలోగా పంపకపోతే మళ్ళీ రెండేళ్ళు ఆగాలి.

తాతయ్య ఆ కాగితం లాక్కుని, మడిచి, జేబులో పెట్టుకున్నాడు.

అమ్మాయి చేతిలో టీ గ్లాసు ఒరిగి కీబోర్డు తడిసింది.

"ఇంకోటి ఉంది," అన్నాడాయన.

అది ఏ పుస్తకంలోనూ లేదుగదా, ఎంతమంది వాడతారని ఆఫీసరుగారు అడిగారు. ఇప్పుడు ఒక్కరే అన్నాడు తాతయ్య. ఆఫీసరుగారు తల పట్టుకుని కూలబడ్డారు. అమ్మాయికి ఒళ్ళు మండిపోయింది.

"మీ చాదస్తానికో దండం తాతయ్యా. ఇంతకీ అదెవరిది?"

"మీ నాయనమ్మది."

ఆయన ఆదివారాలు తమ ఇంటికి కాఫీ కోసం వస్తున్నాడనుకుంది అమ్మాయి ఇన్నాళ్ళూ. నాయనమ్మ పేరులో మొదటి పలుకు గొంతులో తొక్కిపెట్టి అనాలి. ఏటి అవతలివాళ్ళకే ఉండేదది. బళ్ళో పంతులు దానికి బదులు దగ్గరగా వినిపించే ఇంకో అక్షరం రాసేశాడు. కార్డుల్లో, ఆస్పత్రి చీటీల్లో అదే స్థిరపడింది. "అది నా పేరు కాదే" అని ముసలావిడ అన్నప్పుడల్లా, మతిమరుపు ముదిరిందనుకుని మనవరాలు మాత్ర మింగించేది.

తాతయ్య సంచిలోంచి మూడు ఫోటోలు తీశాడు. ఆవిడ తల్లి కుట్టిన దుప్పటి అంచు, అన్న చెక్కిన పీట, మొగుడు రాసిన ఉత్తరం. మూడింటిలోనూ అదే గుర్తు.

"మూడోది ఈ పొద్దున్నే దొరికింది," అని గొణిగాడు. "దొరక్కపోతే నీకు చెప్పకుండా ఊరుకుందామనుకున్నా. ఊరికే బాధపడతావని."

ఆఫీసరుగారు ఫోటోలు చూశారు, గడియారం చూశారు, ఎవర్నీ లోపలికి రానీయకుండా తలుపు వేయమన్నారు. అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ గీసింది. ఐదింటికి తొంభై రెండూ వెళ్ళాయి.

సంఖ్య రావడానికి ఏడాదిన్నర పట్టింది. వచ్చిననాడు అమ్మాయి నాయనమ్మ ముందు తెర పెట్టి పేరు కొట్టింది. ముసలావిడ కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది. పక్కనుంచి తాతయ్య భూతద్దం అందించాడు.

"అక్షరం నడుం కాస్త లావు చేశావే," అంది చివరికి. "ఆ పేరు పెట్టిన రోజుల్లో నేను సన్నగా ఉండేదాన్ని."