తెరతో మాట్లాడే అత్త

మా మేనత్తకు తెర మీది మనుషులతో మాట్లాడే అలవాటు ఉండేది. టీవీలో ఎవరైనా ఏడిస్తే ఓదార్చేది, అబద్ధమాడితే తిట్టిపోసేది. అందుకే నా మొదటి సినిమాను ఖిదిర్‌పూర్ ఓడరేవులో, మా తెలుగు డాక్ కార్మికుల క్వార్టర్స్ పక్కనున్న హాల్లో వేసిన రోజు ఆమెను కావాలనే చివరి వరసలో కూర్చోబెట్టాను.

అది వేసవి సెలవుల్లో ప్రేమలో పడ్డ ఇద్దరు పదహారేళ్ల పిల్లల కథ. వాళ్లు గంగ ఒడ్డున కూర్చుంటారు, పడవలు చూస్తారు, చెప్పాలనుకున్నది మాత్రం చెప్పుకోరు. అరగంటకే డాక్ కార్మికులంతా ఆవలించడం మొదలుపెట్టారు. నలుగురు లేచి గుమ్మం దాకా వెళ్లారు. రెండేళ్లు పడ్డ కష్టం కళ్లముందే నీరుగారిపోతుంటే తల దించుకున్నాను.

అప్పుడు వెనక నుంచి అత్త గొంతు వినిపించింది.

“ఏటి బాబూ, ఆ పిల్ల నీకేసే సూస్తంది. నోరిప్పవేటి?”

హాలంతా నవ్వింది. “సెలవులైపోతన్నాయి, బేగి సెప్పు!” అని ఇంకెవరో అందుకున్నారు. వెళ్లబోయినవాళ్లు వెనక్కి వచ్చి కూర్చున్నారు. చివరికి కుర్రాడు అమ్మాయి చెయ్యి పట్టుకున్నప్పుడు ఈలలు మోగాయి. అత్త మాత్రం చెంపకు చెయ్యి చేర్చుకుని తెరకేసే చూస్తూ ఉండిపోయింది.

లైట్లు వెలిగాక ఆమె దగ్గరికి వెళ్లాను.

“బాగుందా అత్తా?”

“ఆలిద్దరికీ పెళ్లయిందేటి?”

“తెలీదత్తా. సినిమా అక్కడితో అయిపోయింది.”

ఆమె కుర్చీలోంచి కదల్లేదు.

“అయితే మల్లీ ఎయ్యి అల్లుడూ. ఆల్ని ఇంకాసేపు సూస్తాను.”