ఎద్దు మేసిన రాణిగారి తుంటి

"నన్ను తాకవద్దు ప్రభూ!" అన్నాను, మహారాణి గొంతుతో.

"నేను యాడ తాకినానప్పా? నా రెండు చేతులూ ఈడే ఉండాయి, సూడు" అన్నాడు మహారాజు, చేతులు పైకెత్తి.

ఆ మాట నాటకంలో లేదు. మహారాజు వేషం కట్టిన కాసీం సాబు ఆదోనిలో జట్కా తోలేవాడు. రాగం ఎంత బాగా తీస్తాడో మాటలు అంత బాగా మరిచిపోతాడు. అందుకని నేను పట్టించుకోలేదు. నేను అలిగిన రాణిని. ఎమ్మిగనూరు జాతరలో, ఎద్దులను అమ్మే పరసలో, కూర్చున్న రైతులందరికీ వీపు తిప్పి, తల వంచుకుని నిలబడ్డాను. నా ముందుకు వచ్చి బతిమాలడం రాజుగారి పని.

వెనక జనం ఈలలు వేస్తున్నారు. చప్పట్లు కొడుతున్నారు. నా కొత్త తుంట్లు జనానికి నచ్చాయనుకుని లోలోపల మురిసిపోయాను. ఇంతలో ఎడమ తుంటి మీద మళ్లీ ఒక తోపు తగిలింది. ఈసారి తోపుతో పాటు వేడి ఊపిరి కూడా. ఆ తర్వాత చీర పర్రున చిరిగిన చప్పుడు. ఆ తర్వాత, దయచేసి నమ్మండి, ఎవరో తీరిగ్గా నములుతున్న చప్పుడు.

నా తుంటిని ఎద్దు తింటోంది.

తొందరపడి నవ్వకండి. ఒక మనిషి తుంటి ఎద్దుకు మేత కావడమంటే ఊరికే జరిగే పని కాదు. దాని వెనక ఎంతో పరిశోధన ఉంది. ఆ పరిశోధన అంతా నాదే.

కర్నూలు మన రాజధానిగా ఉన్న రోజులవి. నేను ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లులో పత్తి తూకాలు చూసే గుమాస్తాను. పొద్దంతా పత్తి, సాయంత్రం నాటకం. హార్మోనియం వీరభద్రప్ప మేష్టరు నడిపే సమాజంలో నేను చెలికత్తెను. "అమ్మా, రాజుగారు వేంచేస్తున్నారు" అని చెప్పి పక్కకు తప్పుకోవడం నా కళాసేవ. పట్నాల్లో అప్పటికే ఆడవేషాలు ఆడవాళ్లే వేస్తున్నారు గాని, మా వైపు ఇంకా మీసాలు గీయించుకున్న మగవాళ్లే రాణులు.

మా పాత రాణిగారికి గొంతు పోయింది. వేషం ఖాళీ అయింది. దానికి ఇద్దరం పోటీ పడ్డాం. ఒకణ్ణి నేను. రెండోవాడు మిఠాయి అంగడి సుబ్బరాయుడు. నాకు పాట ఉంది. సుబ్బరాయుడికి, తన అంగడి సరుకు తనే తినే అలవాటు వల్ల, శరీరం ఉంది.

మేష్టరు నన్ను గుండ్రంగా ఒకసారి తిప్పి చూశారు.

"గొంతు బాగుండాది. మొగం గూడ పరవాల్యా. కానీ ఎనక్కి తిరిగితే నిచ్చెన మాదిరి ఉండావు కదప్పా! అలక సీను అంతా జనం సూసేది రాణి వీపే."

"మరి సుబ్బరాయుడు, మేష్టరూ?"

"వాడు ఎనక నుంచి నిక్కంగా రాణే. ముందుకు తిరిగి పాట ఎత్తుకున్యాడంటేనే కష్టం."

హార్మోనియం మెట్ల మీద వేళ్లు ఆడించి తీర్పు చెప్పారు. "ఎమ్మిగనూరు పరసలో నాటకముండాది. ఆ పొద్దు వేషం నువ్వే కట్టు. జనం నిన్ను ఆడమనిషని నమ్మితే ఇంగ ఎప్పటికీ నీదే. నమ్మకుంటే సుబ్బరాయునిది. పో, తుంట్లు సంపాదించుకో."

తుంట్లు సంపాదించడం! గొంతుకైతే మిరియాల కషాయం ఉంది, జుట్టుకు సవరం ఉంది, రంగుకు అర్దళం ఉంది. దీనికి ఏముంది? నాకు నిజంగానే కుతూహలం పుట్టింది. మొదట ఇంట్లోనే అడిగాను.

"అక్కా, మీ ఆడోళ్లకు అది ఎట్లొస్తాది?"

"ఏదిరా?"

రెండు చేతులతో గాలిలో గీసి చూపించాను. అక్క చేతిలో చేట ఉంది కాబట్టి చేటతోనే ఒకటి ఇచ్చింది. తర్వాత జాలిపడి, "బిందె నడుం మీద పెట్టుకోని నీళ్లు మొయ్యి. దానంతటదే వస్తాది" అంది.

మోశాను. వీధి వీధంతా అరుగుల మీదికి వచ్చి చూసింది. "ఏమప్పా గుమాస్తా, పెండ్లాం పుట్టింటికి పోయిందా?" అని ఒకరు. "ఇంగా పెండ్లే కాల్యా వానికి, ముందే నేర్చుకుంటాండాడు" అని ఇంకొకరు. నాకు తుంటి రాలేదు, పక్కటెముకల నొప్పి వచ్చింది. నీళ్ల పని తప్పిన అక్క మాత్రం ఆ రోజుల్లో చాలా ఆరోగ్యంగా కనిపించింది.

తర్వాత మిల్లులో గంపలు మోసే నరసమ్మ వెనక నడిచాను. పాడు బుద్ధితో కాదు, విద్యార్థిగా. అడుగు ఎప్పుడు పడుతోంది, తుంటి ఎప్పుడు కదులుతోంది అని చూస్తున్నాను. ఆమె టక్కున ఆగింది.

"ఏమప్పా, నా ఎనకాల ఏం పారేసుకున్యావు?"

"ఏం లేదు నరసమ్మా, నాటకం కోసరం..."

"నాటకమా? ఇంద, రాణెమ్మా!" అని గంపెడు పత్తి నా నెత్తిన కుమ్మరించి పోయింది.

పత్తిలోంచి బయటపడేలోగా నాకు ఒక సత్యం తెలిసింది. సొగసు గుండ్రంలో లేదు, ఆలస్యంలో ఉంది. పాదం ముందు పడుతుంది, తుంటి ఒక్క క్షణం వెనకగా వస్తుంది. అలా రావాలంటే దానికి బరువు కావాలి.

ఈ సత్యం తెలిసినా నేను ముందు తేలికైన దారులే పట్టాను. దూది మెత్తలు కట్టుకున్నాను. రెండు అడుగులు వేసేసరికి అవి చంకల దగ్గరికి పాకి, రాణికి రెక్కలు మొలుస్తున్నట్టు కనిపించింది. ఎండిన ఆనపకాయ బుర్రను రెండు చెక్కలు చేసి కట్టుకున్నాను. ఆకారం అద్భుతం. కాని కుర్చీలో కూర్చోగానే టకటకమని, లోపల ఎవరో తలుపు తడుతున్నట్టు మోత. చివరికి సైకిలు ట్యూబు నడుముకు చుట్టి గాలి కొట్టించాను. మేష్టరు దగ్గర అలక సీను మొదలుపెట్టాను. మొదటి చరణంలో ఉన్న తుంటి రెండో చరణానికి సగమైంది. మూడో చరణంలో నా పాటకు శ్రుతిగా ఎక్కడి నుంచో సన్నగా ఈల వినిపించింది.

మేష్టరు హార్మోనియం ఆపారు. "రాణికి పంచరయినాదా?"

సుబ్బరాయుడు జిలేబి తింటూ నేల మీద పడి దొర్లాడు.

ఆ అవమానంతో మిల్లుకు పోతే, ఆవరణలో పత్తి గింజల కుప్పలు కనిపించాయి. బరువు! గింజలకు బరువు ఉంది! గోనెపట్టతో రెండు సంచులు కుట్టించి గింజలు నింపి కట్టుకున్నాను. నడిచాను. పాదం ముందు, తుంటి వెనక. నరసమ్మ నడకే! ఒక్కటే లోపం, నడుస్తుంటే జల్లెడ పట్టినట్టు గలగలమంటోంది. దానికీ ఉపాయం దొరికింది. గింజలను నానబెట్టాను. సందుల్లో తడి తవుడు కూరాను. అదీ చాలక, నూనె పిండాక మిగిలే గానుగ చెక్క పొడి చేసి కలిపి గట్టిగా అదిమాను. చప్పుడు పోయింది. ఆకారం కుదిరింది.

సంచుల మూతులు కుట్టి ఇచ్చిన అక్క వాసన చూసి, "ఇది తుంటేనా, దాణా తొట్టా?" అంది.

"కళ అక్కా, కళ."

"కళకు ఉప్పు ఒక్కటి తక్కువైంది" అని నవ్వుకుంటూ పోయింది.

నానిన పత్తి గింజలు, తవుడు, చెక్క. పండగనాడు ఎద్దుకు పెట్టే విందు అది. ఆదోనిలో పాలు తాగే పిల్లకు కూడా ఆ సంగతి తెలుసు. నాకూ తెలుసు. కాని ఆ రోజుల్లో నాకు అద్దంలో నా వెనక భాగం తప్ప ప్రపంచంలో ఇంకేమీ కనిపించేది కాదు. ఇక ఉప్పు సంగతి అంటారా, వేషం కట్టాక నా చెమట ఆ లోటు తీర్చింది.

ఎమ్మిగనూరు బస్సులో సంచులను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. రాత్రంతా తడి మీద ఉన్న సరుకు కాబట్టి కొద్దిగా పులిసింది. దారిలో ఒకాయన ముక్కు ఎగబీల్చి, "ఎవురప్పా బస్సులోకి కుడితి తెచ్చింది?" అన్నాడు. నేను అమాయకంగా సుబ్బరాయుడి వైపు చూశాను. బస్సంతా సుబ్బరాయుడి వైపు చూసింది. నా వేషం చెడితే తాను కట్టడానికి వాడు కూడా వస్తున్నాడు మరి.

పరసలో ఎటు చూసినా ఎద్దులే. రైతులు పెందలాడే పడుకుంటారని ఎండ తగ్గగానే నాటకం మొదలుపెట్టాం. అడుగెత్తు మట్టి దిబ్బ మా రంగస్థలం. దాని ముందు జనం, జనం వెనక ఎద్దుల కట్టుకొయ్యలు. నేను నడిచి వచ్చాను. పాదం ముందు, తుంటి వెనక. "ఎవురప్పా ఈయమ్మ?" అన్న మాట నా చెవిన పడింది. తెర పక్కన సుబ్బరాయుడి ముఖం వాడిపోయింది. ఆ ఆనందంలోనే జనానికి వీపు తిప్పి అలిగాను. అలిగిన కాసేపటికే మొదట చెప్పిన నమలడం మొదలైంది.

"ఎద్దప్పా, ఎద్దు!" అన్నాడు కాసీం సాబు.

"మీ మాయమాటలకు నేను కరగను ప్రభూ."

"కరగొద్దు, పరిగెత్తు!"

తిరిగి చూశాను. కొమ్ములకు ఎర్రరంగు పూసిన తెల్లటి ఎద్దు, తెగిన పలుపు మెడలో వేలాడుతూ, మూతినిండా తవుడుతో నన్ను చూస్తోంది. అంత ప్రేమగా నన్ను అంతవరకు ఎవరూ చూడలేదు. పరిగెత్తాను. రాజుగారి చుట్టూ నేను, నా చుట్టూ ఎద్దు. గింజలు ధారగా రాలుతున్నాయి. కాసీం సాబు పలుపు అందుకుని గుర్రానికి చెప్పే మాటలన్నీ చెప్పాడు. ఎద్దుకు అందులో ఒక్కటీ అర్థం కాలేదు. పిల్లాజెల్లా దిబ్బ ఎక్కేశారు.

అప్పుడు వదులైన తలపాగా చేత్తో పట్టుకుని ఒక ముసలి రైతు పరిగెత్తుకు వచ్చాడు. క్షమించమంటాడని అనుకున్నాను. ఆయన ఎద్దు మెడను కావిలించుకుని ఏడ్చాడు.

"తిన్యాడు! నా సామి తిన్యాడు!"

సంగతి ఏమిటంటే, పరసకు వచ్చినప్పటి నుంచీ ఆ ఎద్దు మేత ముట్టలేదట. మందులు పోశారట, దిష్టి తీశారట. మూతి తిప్పుకుందట. ఇక అది బతకదని ఆయన గుండె రాయి చేసుకున్నాడట. ఇప్పుడు నా వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు.

"ఏం కలిపినావో గాని తల్లీ, నీ కడుపు సల్లగుండ. ఆ పక్కది గూడ ఇయ్యి తల్లీ!"

ఒక పక్క కళ, ఒక పక్క ప్రాణం. మేష్టరు వైపు చూశాను. ఆయన హార్మోనియం మీద తల పెట్టుకున్నారు. ఇక చేసేది లేక వెనక్కి తిరిగి, చీర చాటున ముడి విప్పి, మహారాణి కుడి తుంటిని ఆ రైతు చేతిలో పెట్టాను. ఎద్దు దాని వెంట వెళ్లిపోయింది. ఆ తర్వాత నిచ్చెన లాంటి రాణి అలక పాట పాడింది. నవ్వి నవ్వి అలిసిన జనం బుద్ధిగా విన్నారు.

తిరుగు బస్సులో పంచాయితీ మొదలైంది.

"మేష్టరూ, ఆయన నన్ను తల్లీ అన్యాడు. ఒగసారి గాదు, రెండుసార్లు! ఆడమనిషని నమ్మినట్లే కదా! వేషం నాది" అన్నాను.

"దాణా పెట్టేటోళ్లు ఎవురైనా తల్లేరా! మీసాలుండే కాసీం సాబు ఇచ్చింటే వాన్ని గూడ తల్లీ అనుండేటోడు" అన్నాడు సుబ్బరాయుడు.

"నన్నెందుకు లాగుతారప్పా?" అన్నాడు కాసీం సాబు.

మేష్టరు చెయ్యెత్తి, "సుమ్మనుండండి ఇద్దరూ. ఆ రైతునే అడిగి సెప్తా" అన్నారు. ఆ రైతు పేరు గాని, ఊరు గాని మాలో ఎవరూ అడగలేదని బస్సు ఆదోని చేరాక తెలిసింది. మేష్టరు కొన్నాళ్లకు మా తగువుతో విసిగి, బళ్లారి నుంచి ఒక నటీమణిని పిలిపించారు. ఆమె తుంట్లకు ఏమీ కట్టుకోకుండానే రాణిలా నడిచింది. నేనూ సుబ్బరాయుడూ చెరో పక్కన చెలికత్తెలుగా నిలబడి, "అమ్మా, రాజుగారు వేంచేస్తున్నారు" అని ఒకే గొంతుతో చెప్పాం.

కాబట్టి ఆదోని పత్తి కుప్పల సాక్షిగా, నానిన గింజల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో, నాలుగు కాళ్ల ప్రాణి తినగలిగింది ఏదీ నా ఒంటి మీద ధరించను. పూలదండైనా సరే, ముందు చుట్టుపక్కల చూసుకునే మెడ వంచుతాను.

తర్వాత పత్రికలో చేరి ఎన్నో పరసల వార్తలు రాశాను. వెళ్లిన ప్రతి చోటా కొయ్యల మధ్య తిరిగి వాకబు చేశాను. సుబ్బరాయుడు కూడా చేశాడని విన్నాను. ఆ రైతు నా తుంటిని చూసి "తల్లీ" అన్నాడా, అందులోని తవుడును చూసి అన్నాడా అన్నది మాత్రం ఇంతవరకు తేలలేదు.