కలువకాడలకు బీరపీచు స్నానం

ఆ రోజుల్లో మా జుక్కల్ పక్క ఆడపిల్లకు పలక కొనడమంటే మేకకు చెప్పులు కుట్టించినట్టు చూసేవాళ్లు. అందుకే ఈ సంగతి రాయడానికి నాకు ఇంతకాలం పట్టింది. అరవై దాటాక మనవరాలి పక్కన కూర్చుని అక్షరాలు దిద్దుకున్నాను. మొన్న దాని సైన్సు పుస్తకం కూడబలుక్కుని చదువుతుంటే ఒక సంగతి తెలిసింది. నీటి మొక్కల కాడల మీదికి కంటికి కనపడని ప్రాణులు కాలం చూసుకుని వచ్చి కాపురం పెడతాయట. మనం పాచి అని విదిలించే జిగటంతా వాటి సంసారమేనట. పుస్తకం మూసి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఆ సంసారాలను నేను ఒకసారి బీరపీచుతో కూల్చాను మరి.

నన్ను బాన్సువాడ దగ్గరి ఊరికి ఇచ్చేనాటికి నిజాంసాగర్ కాలువ వచ్చి కొన్నేళ్లే అయింది. కాలువ ఊటకు మా అత్తవాళ్ల పల్లపు చేను కుంటగా మారి, కలువలతో నిండిపోయింది. (నేను పుట్టిన ఊళ్లో నీళ్లంటే బావి అడుగున తళుక్కుమనేవే. మోకాలిలోతు నీళ్లలో నిలబడటం కూడా నాకు కొత్త.) కాపురానికి వచ్చిన మొదటి కార్తీకంలోనే నాయనకు కబురు పంపాను: "రా నాయనా, మా కుంట చేపల పులుసు నా చేత్తోని వండి పెడత." మా వైపు ఎండుచేపలు తప్ప దొరకవు, నాయనకేమో పచ్చిచేపంటే ప్రాణం. అదీగాక, నన్ను అంత దూరం ఇచ్చినందుకు ఆయన లోలోపల కుములుతున్నాడని విన్నాను. ఆ పులుసు తింటే బిడ్డ సుఖంగానే ఉందని నమ్ముతాడని నా ఆశ.

నాయన వచ్చే ముందురోజు అత్త కలువల నడుమ వెదురు బుట్ట పెట్టి (చేప అందులోకి దూరడమే గానీ బయటికి రావడం ఉండదు) చేనుకు పోయింది. బుట్ట చూద్దామని దిగి ఒక కాడ పట్టుకున్నాను. అరచేతికంతా గోధుమరంగు జిగట! నాయన రేపు ఇది చూస్తే, నా బిడ్డను ఇంత మురికి ఇంటికి ఇచ్చానా అనుకోడూ? చీర ఎగజెక్కి, బీరపీచు, బూడిద తెచ్చుకుని మళ్లీ దిగాను. ఇత్తడి బిందెలు తోమినట్టు బుట్ట చుట్టూ ఉన్న ప్రతి కాడనూ తోమాను. ఆకులు తిరగేసి అడుగులు కూడా తోమాను. నడుం పడిపోయింది గానీ కాడలు మాత్రం నవనవలాడాయి.

మర్నాడు నాయన వచ్చాడు. అత్త బుట్ట ఎత్తితే అందులో ఒకే ఒక ఎండ్రకాయ, అదీ కోపంగా ఉంది. అత్త వంగి నీళ్లలోకి చూసింది.

"గీ కాడలకేమైందే? పెండ్లిపిల్ల చేతుల్లెక్క మెరుస్తున్నయి!"

"నేనే తోమిన అత్తా," అన్నాను గర్వంగా.

ఆమె గట్టు మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. "పిచ్చిపిల్లా, గా జిగటే చేపలకు బువ్వనే. వానకాలం వరదకు కొట్టుకపోతది, నీళ్లు తేటవడి సలి మొదలైతే మళ్ల పడతది. గదాని కోసమే గవి గీడికొస్తయి. నువ్వు బువ్వకుండ తోమి బోర్లిచ్చినవు!"

ఆ పూట నాయనకు పప్పే గతి. "మస్తుగున్నది బిడ్డా," అంటూ తల ఎత్తకుండా తిన్నాడు. ఆయన బాగుందని అన్నకొద్దీ నాకు ఏడుపొచ్చింది.

"పొద్దుగాల్నే పోత," అన్నాడు చెయ్యి కడుక్కుంటూ.

"చేప తినంది కదలనియ్య," అన్నాను.

"ఇగ నువ్వు పోయినట్టే అన్నా," అంది అత్త.

మర్నాడు తెల్లవారుతూనే బుట్ట తీసుకుని కుంట ఆ చివరికి పోయాను. నా బీరపీచు అక్కడిదాకా పోలేదు. కాడల నిండా జిగట. దాన్ని దోసిళ్లతో తీసి బుట్ట పుల్లలకు పూశాను. మొన్న దాన్ని తోమి పారేసిన చేతులే అవి. పిక్కల దాకా అంటింది, కడుక్కోలేదు. బుట్టను నీళ్లలో ముంచి పట్టుకుని కదలకుండా నిలబడ్డాను. చిన్న చేపలు మడమలు కొరుకుతుంటే నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కున్నాను. (మనవరాలి చెయ్యి పట్టుకుంటే గానీ గడప దాటని ఇప్పటి నన్ను చూస్తే ఆ మొండిపిల్ల ఏమనేదో!) అంతలో మూట భుజాన వేసుకుని నాయన గట్టు మీదికి వచ్చాడు.

"గింత సలిల ఏం చేస్తున్నవు బిడ్డా?"

నా చేతుల్లో బుట్ట బరువుగా కదిలింది.

"లొల్లి చెయ్యకు నాయనా, చేపలు తింటున్నయి," అన్నాను. "గవి తిన్నంక నువ్వే."

నాయన మూట దించి గట్టు మీద కూర్చున్నాడు.