ఆదెయ్య మెడ, వెంకటేశ్వరమ్మ నోరు

వెంకటేశ్వరమ్మ నోరు మంచిది కాదని ఊరంతా అంటుంది. ఊరికేం, ఎన్నయినా అంటుంది. ఆ నోరే లేకపోతే ఆమె మొగుడు ఆదెయ్య ఈపాటికి గోడమీద పటమై దండ వేయించుకునేవాడు.

ఆమె ఒక మాటంటే ఆదెయ్య పడడు. నిద్రమత్తులో ఉన్నా సరే, దిండు మీంచి పందెంకోడిలా మెడ లేపి, బదులు చెప్పాకే దించుతాడు. ఇరవయ్యేడేళ్ళ కాపురంలో ఒక్కనాడూ తల దించుకుని బదులిచ్చింది లేదు.

తొంభై ఎనిమిదిలో పత్తిమీద పచ్చపురుగు విరగబడింది. పర్చూరు చుట్టుపక్కల ఏ చేలో చూసినా మందు కంపే. ఆదెయ్య వారానికి రెండుసార్లు కొట్టేవాడు. పంపు నాజిలు పూడుకుపోతే విప్పి, నోట్లో పెట్టుకుని ఊదేవాడు. అక్కడ అందరూ అలాగే ఊదుతారు.

"పుల్ల పెట్టి పొడవచ్చుగా! అదేమన్నా పీపీ బూరా?" అనేది వెంకటేశ్వరమ్మ.

"పుల్ల పెడితే బెజ్జం పెద్దదై మందంతా కారిపోద్దే. నీకేం తెలుసు?"

ఒకరోజు అలా మూడుసార్లు ఊదాడు. చొక్కా వీపంతా మందుతో తడిసింది. పదకొండింటికి గట్టుమీద కూలబడ్డాడు. నోటివెంట చొంగ, ఒంటివెంట చెమట, తొడల్లో కండలు వాటంతటవే అదురుతున్నాయి. పక్క చేలవాళ్ళు చేరి పైత్యమన్నారు, మజ్జిగ పట్టమన్నారు. వెంకటేశ్వరమ్మ అతని రెప్ప ఎత్తి చూసింది. కంటిపాప ఆవగింజంత అయిపోయింది.

"మజ్జిగ మీరు తాగండి, ఇది పురుగుమందు పని" అని చొక్కా చించి పారేసింది, బోరు కింద సబ్బుపెట్టి ఒళ్ళు కడిగింది. మరిది వీరాంజనేయులు జీపు తెచ్చాడు. గుంటూరు ఆసుపత్రిలో పడేశారు.

సూదులమీద సూదులు పొడిచారు. మర్నాటికి చెమట ఆరింది, కంటిపాప విచ్చుకుంది. మూడోరోజు పొద్దున ఇడ్లీ తిని, చట్నీలో ఉప్పు లేదని వంక కూడా పెట్టాడు.

"ఇంకేం వదినా, అన్న నిక్షేపంలా ఉన్నాడు. అక్కడ చేను పురుగుపాలవుతోంది. జీపు తెచ్చా, పదండి" అన్నాడు వీరాంజనేయులు.

వెంకటేశ్వరమ్మకీ చేను కళ్ళలో మెదిలింది. మూట కట్టింది కూడా. అప్పుడొచ్చింది డాక్టరు బిందుమాధవి.

"ఎక్కడికమ్మా? ఇవాళా రేపూ కదలడానికి వీల్లేదు."

"బాగానే ఉన్నాడుగా డాక్టరుగారూ!"

"పైకి బాగానే ఉంటాడు. మీ చేలకి సాగరు కాలవ నీళ్ళేగా? తూము తీసేదెవరు, మూసేదెవరు?"

"లస్కరండీ."

"ఒంట్లోనూ అంతే. నరం కండకి కదలమని చెప్పాలంటే దాని కొస నుంచి ఒక రసం చుక్క వదులుతుంది. కండ కదిలింది. వెంటనే ఆ చుక్కని తుడిచెయ్యడానికి అక్కడే ఇంకో పదార్థం ఉంటుంది. అదే లస్కరనుకోండి. మీ పురుగుమందు సరిగ్గా దాన్నే పట్టుకుని చేతులు కట్టేస్తుంది. తూము మూసేవాడు లేడు. ముందు కండలు అదిరేది అందుకే. ఆ తర్వాత నీళ్ళు నిలిచిన పత్తిమొక్క తలవాల్చినట్టు కండ చచ్చుబడుతుంది. మూడోరోజో నాలుగోరోజో అవుతుందది. ముందు మెడ, ఆ తర్వాత ఊపిరి. దారిలో అయితే జీపులో ఊపిరెవరు పోస్తారు?"

వెంకటేశ్వరమ్మ మూట విప్పేసింది. "మరి నేనేం చూడాలండీ?"

"గంటగంటకీ దిండు మీంచి తల లేపమనండి. లేపలేకపోతే కేకెయ్యండి."

వీరాంజనేయులు మూతి ముడిచాడు. "డాక్టర్లు అలాగే భయపెడతారు వదినా."

"నువ్వు భయపడమాక. జీపులో కూర్చుని బీడీ కాల్చుకో."

తల లేపమంటే ఆదెయ్య లేపుతాడా? "చిన్నపిల్లాణ్ణా?" అని గోడవైపు తిరిగాడు. మెడ లేపించే మందు తన నోట్లోనే ఉంది కదా అనుకుంది వెంకటేశ్వరమ్మ. పదింటికి అతని తమ్ముణ్ణి తిట్టింది. మెడ లేచింది. పదకొండింటికి అతని ఎడ్లని తిట్టింది. లేచింది. పన్నెండింటికి వాళ్ళ నాన్న పెట్టిన మీసాన్ని తిట్టింది. ఆ సరికి పక్క మంచాలవాళ్ళు కూడా నవ్వుతున్నారు. ఆదెయ్య మెడ లేచింది గానీ, దిగేటప్పుడు దిండుమీద దబ్బున పడింది. వెంకటేశ్వరమ్మ ఈసారి గంట ఆగలేదు.

"నాజిలు ఊదే మొనగాడివి, నీకు పెళ్ళామెందుకయ్యా, ఒక బూర చాలదూ?"

ఆదెయ్య కళ్ళు ఆమెవైపు తిరిగాయి. సగం మూసిన రెప్పలు. ముక్కుతో మాట్లాడినట్టు ఏదో అన్నాడు. తల దిండుకి అతుక్కునే ఉంది.

"అలిసిపోయాడు వదినా, పడుకోనీ" అన్నాడు వీరాంజనేయులు.

"నా మాటకి పడుకుని బదులిచ్చాడ్రా!" అని ఆమె వేసిన కేకకి వార్డు అదిరింది. బిందుమాధవి పరిగెత్తుకొచ్చింది. అప్పటికే గుండెలమీద దుప్పటి పైకిలేవడం తగ్గింది. గొంతులోకి గొట్టం దించి, మిషను పెట్టి ఊపిరి పోశారు. ఇంకొక్క పావుగంటయితే దక్కేవాడు కాదంది డాక్టరు. వీరాంజనేయులు బయటికెళ్ళి, జీపుని ఖాళీగా ఊరికి పంపేశాడు.

ఒంట్లో కొత్త లస్కర్లు పుట్టుకొచ్చేదాకా కాచుకోవాలన్నారు. రోజూ మూడు పూటలా వెంకటేశ్వరమ్మ మంచం పక్కన నిలబడి తిట్టేది. మెడ కదల్లేదు. అయిదురోజులు కదల్లేదు. తిట్లు అయిపోయి తిట్టినవే తిట్టింది. గొంతు బొంగురుపోయింది.

తొమ్మిదోరోజు పొద్దున అంది: "ఇంటికెళ్ళాక ఆ నాజిలు దండగుచ్చి నీ మెళ్ళో వేస్తా, చూడు."

దిండు మీంచి ఆదెయ్య తల నాలుగువేళ్ళ ఎత్తు లేచింది. పందెంకోడి చూపు చూశాడు. గొంతులో గొట్టం. బదులు చెప్పే దారి లేదు. ఇరవయ్యేడేళ్ళలో మొదటిసారి, మెడ లేచాక కూడా ఎదురుమాట లేకుండా ఆమె మాట నిలబడింది.

"తొందరేం లేదు" అంది వెంకటేశ్వరమ్మ, కొంగుతో ముక్కు చీదుకుని. "గొట్టం తీశాకే అందువుగానిలే. ఇక్కడే ఉంటా."