గెద్దా, గరుడా?

బరంపురం కూరల బజారులో అవిసాకు ఎప్పుడో గాని కనబడదు. కనబడిందంటే నేను కొనకుండా రాలేను. ఇంట్లో ఎవరూ ముట్టరు, చేదంటారు. అమ్మే ఆవిడ సైతం ఆవుకి పెట్టడానికా అని అడుగుతుంది. ఆ కట్ట విప్పి, ఆకు దూస్తుంటే లేచే పచ్చి వాసనకి గంజాంలో మా ఇల్లు, ఆ ఇంట్లో ద్వాదశి పొద్దు, కాళ్ళు ముడుచుకుని ఆకలితో కూర్చున్న మా మామ్మ, అంటే మా నాన్నగారి తల్లి, వరసగా వచ్చి కళ్ళముందు నిలబడతారు.

మా నాన్నది చింతపండు, పసుపు టోకు వ్యాపారం. కొండల నుంచి దిగిన బస్తాలు వీధిగదిలో కప్పు దాకా పేర్చి ఉండేవి. మాఘమాసం వచ్చిందంటే కొత్త చింతపండు పులుపూ, పసుపు దుమ్మూ, ఏరు సముద్రంలో కలిసే మొగ నుంచి వీచే ఉప్పుగాలీ కలిసిపోయి మా బట్టలు, మా జడలు, ఆఖరికి మేం తాగే మంచినీళ్ళు కూడా అదే వాసన వేసేవి. పెరటి గోడ దాటితే సరుగుడు తోపు, తోపు దాటితే ఋషికుల్య ఏరు. వానలు మొదలయ్యే ముందు వచ్చే రజో పండక్కి తోపు అంచున ఉన్న మామిడికి ఉయ్యాల కట్టుకుని, పొరుగింటి ఒడియావాళ్ళు పంపిన పొడొపిఠాని, అంటే బెల్లం కొబ్బరి వేసి కాల్చిన పిండిరొట్టెని, మాడిన అంచుతో సహా ఉయ్యాల దిగకుండానే తినేసేవాళ్ళం. ఆ తోపులో అన్నిటికన్నా ఎత్తైన సరుగుడు మీద గరుడ పక్షుల గూడు ఉండేది. పుల్లలు, తెగిన వలతాళ్ళు, చింకి గుడ్డలు కలిపి అల్లిన ఆ గూడు కిందనుంచి చూస్తే ఎవరో పైకెక్కించి మరిచిపోయిన చెత్తబుట్టలా ఉండేది.

ఆ గూటికీ మా మామ్మ అన్నానికీ ముడి ఉంది. ఏకాదశినాడు ఆవిడ మంచినీళ్ళు తప్ప ఏమీ పుచ్చుకునేది కాదు. మర్నాడు ద్వాదశి ఘడియలు దాటకుండా గరుడ దర్శనం అయితేనే విస్తరి ముందు కూర్చునేది, లేకపోతే ఆ పూటా పస్తే. అది ఆవిడ పుట్టింటి ఆచారం. కళ్ళు బాగున్నన్నాళ్ళు ఇబ్బంది లేకపోయింది. రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరి, పైన ఎగిరేది కాకో గాలిపటమో తేలనప్పుడు ఆ పని నాకు అప్పజెప్పింది. నాకప్పటికి ఎనిమిదేళ్ళు. బడిలో లీడరుని చేసినా అంత గర్వపడేదాన్ని కాదేమో.

గుర్తులన్నీ ఆవిడే నేర్పింది. "ముందు తోక సూడు. సేప తోకలాగ సీలికుంటే గెద్ద. ఇసినికర్రలాగ గుండ్రంగుంటే మన సామి. అప్పుడు తల సూడు, తెల్లగుంటాది. ఒళ్ళు రాగి సెంబు." ఒడియావాళ్ళకి రెండూ చిలలే, కాకపోతే మన స్వామికి తలా ఛాతీ శంఖంలా తెల్లగా ఉంటాయని శంఖచిల అంటారు. అరుపులో కూడా తేడా ఉంది. గద్ద ఈల వేసినట్టు అరుస్తుంది, గరుడ పక్షి ముక్కుతో మారాం చేస్తున్న పసిపిల్లలా సాగదీస్తుంది. నేను గోడెక్కి కూర్చుని చూస్తూ ఉండేదాన్ని, ఆవిడ కింద నుంచి అడుగుతూ ఉండేది, "ఏటే గుంటా, గెద్దా గరుడా?"

ఒకసారి చాలాసేపటికీ పక్షి రాకపోతే అమ్మ ఉండబట్టలేక "అదిగో అత్తా, గరుడ" అనేసింది. మామ్మ ఆకాశం వైపు తలెత్తనే లేదు. నా వైపు తిరిగి "నువ్వు సూసినావా?" అంది. లేదన్నాను. ఆ పూట ఆవిడ తినలేదు, అమ్మ నాతో మాట్లాడలేదు. ఆ చలికాలంలోనే మామ్మ ద్వాదశినాడు నూతిదగ్గర కళ్ళు తిరిగి పడిపోయింది. అప్పటినుంచి ద్వాదశి వస్తోందంటే ఇంటిల్లిపాదికీ గుండెల్లో రాయి పడేది.

ఫాల్గుణంలో అకాలపు ముసురు పట్టింది. మామ్మకి అంతకుముందే జ్వరం వచ్చి తగ్గింది, మనిషి సగమైపోయింది, అయినా ఏకాదశి మానలేదు. మర్నాడు పొద్దున్నే నేను గోనెసంచి మడిచి తలమీద గొప్పిలా కప్పుకుని గోడెక్కాను. గూట్లో ఉండే పెద్ద పక్షులు రెండింటి జాడా లేదు. "దేవుడైనా వానలో బయటికొస్తాడేటే అమ్మా, తినియ్యి" అని నాన్న బతిమాలుతున్నాడు. మామ్మ కళ్ళు మూసుకుని కూర్చుంది. పెదాలు ఎండిపోయి తెల్లబడ్డాయి.

అప్పుడు గూట్లోంచి ఒక పక్షి లేచింది. తల తెల్లగా లేదు. రాగిరంగూ లేదు. ఒళ్ళంతా మట్టిరంగు. "గెద్ద. ఇంక లోపలికి రా" అన్నాడు నాన్న. అమ్మ గోడదగ్గరకొచ్చి నా పాదం పట్టుకుని, "గరుడే అని సెప్పెయ్యే, నీకు పున్నెముంటాది" అంది గుసగుసగా. ఆవిడ కళ్ళనిండా నీళ్ళు.

నాకు ఏడుపొచ్చింది. గద్దంటే మామ్మ తినదు. గరుడంటే, తల తెల్లగా ఉందా అని అడుగుతుంది. గోడ దిగి, ఆవిడ మోకాళ్ళ దగ్గర నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేశాను. "మామ్మా, తల తెల్లగా నేదు. మట్టిరంగే. కానీ మన గూట్లోంచే లేసింది. ఇన్నాళ్ళూ ఆ జంట సేపలు తెచ్చి పెడతన్నది దానికే. తోక గుండ్రంగుంది."

అమ్మ తల కొట్టుకుంది.

"తోక నువ్వే సూసినావా?" అంది మామ్మ.

"సూసినాను."

"సీలిక నేదా?"

"నేదు."

చూరు నీళ్ళు కారుతున్న చప్పుడు వినబడుతోంది. ఆవిడ చేత్తో తడుముకుని నా తల మీద చెయ్యి వేసింది. "మరింక బెంగేటే? పుట్టినప్పుడే నాకు మాత్రం తల నెరిసుందేటి? పిల్ల సామి. పెద్దయితే ఆయనకీ నెరుస్తాది." రెండు లెంపలూ వేసుకుని, వంటింటి వైపు తిరిగి, "కోడలా, సెయ్యి కడుక్కుంటాను, నీళ్ళు తే" అంది.

ప్రతి ద్వాదశికీ మా ఇంట్లో వండే అవిసాకు కూర, పెసరపప్పు, ఉసిరికాయ పచ్చడి. ఆవిడ మొదటి ముద్ద మింగేవరకూ ఎవరం కదల్లేదు. నాన్న బస్తాల గదిలోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. నాకైతే ఆ రోజున్నంత సంతోషం మళ్ళీ నా పెళ్ళిలో కూడా కలగలేదు.

టీవీలో ఎప్పుడైనా అమెరికా వాళ్ళ తెల్లతల డేగ గూళ్ళు చూపిస్తారు. దాని పిల్లలకీ ఏళ్ళ తరబడి తల తెల్లబడదట, చూసినవాళ్ళు వేరే డేగ అనుకుని పొరబడతారట. మా మామ్మ అమెరికా పేరు విన్నదో లేదో కూడా నాకు తెలియదు.

తోపు కొట్టేశారు, ఇల్లు ఎప్పుడో చేతులు మారింది. మామ్మ ఆచారం ఆవిడతోనే పోయింది. పక్షులు మాత్రం ఉన్నాయి, పడవలు ఒడ్డుకొచ్చే వేళకి మొగ మీద తిరుగుతూనే ఉంటాయి. పోయిన నెల మనవణ్ణి అక్కడికి తీసుకెళ్ళాను. మా నెత్తి మీదుగా మట్టిరంగు పక్షి ఒకటి పోయింది. "గరుడ పిల్లరా" అన్నాను. "ఆగు అమ్మమ్మా, చూసి చెప్తాను" అని వాడు ఫోను ఎత్తి ఫొటో తీసి, అదే పక్షో ఫోను చెప్పేదాకా ఉండి, "కరెక్టే" అని నన్ను మెచ్చుకున్నాడు. వాడి తప్పేమీ లేదు, ఇప్పుడందరం అలాగే చూసుకుంటున్నాం, నేనూ అంతే. అయినా తిరిగొచ్చే బస్సులో నాకు మనసు మనసులో లేదు. పొద్దున్నుంచి పొద్దున్నదాకా పస్తున్న మనిషి, ఒక గుంట నోటిమాట నమ్మి చెయ్యి కడుక్కుంది. అలా నమ్మేవాళ్ళు నాకు మళ్ళీ దొరకలేదు.